అవ్ అన్నంత మాత్రాన

మెడనొప్పికి పల్చటి దిండు వాడమని డాక్టరు చెబితే, ఖమ్మం ఖిల్లా కింది సందులో ఉన్న పరుపుల దుకాణానికి వెళ్లాను. అప్పటికి నేను జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేస్తున్నాను. దుకాణం ముందు భాగంలో కుట్టిన పరుపులు చుట్టలు చుట్టి నిలబెట్టి ఉండేవి. వెనక గదిలో దూది ఏకే మిషన్. దుకాణదారు నా ఈడువాడే, కాస్త పెద్ద. కుర్రతనంలో తండ్రి వెంట దూది ఏకే వింటిబద్ద భుజాన వేసుకుని తిరుమలాయపాలెం వైపు ఊళ్లన్నీ కాలినడకన తిరిగి, రైతుల ఇళ్ల ముందే కూర్చుని పత్తి ఏకినవాడు. మిషన్ తర్వాత వచ్చింది. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను పేపర్ సాబ్ అనేవాడు, అందులో కొంత మర్యాద, కొంత ఎగతాళి.

ఆ రోజు దిండు నా చేతిలో పెట్టి అడిగాడు.

“ఏకక ముందు ఈ దూది గింత ముద్ద. ఏకినంక అర్ర నిండ అయితది. తూకం పెడితే మాత్రం అదే. మరి పెరిగింది ఏంది సాబ్?”

“గాలి.”

“గాలి నేను పోయలే గదా?”

ఆ మాట దగ్గర మొదలైన వాదన మా మధ్య ఏళ్ల తరబడి నడిచింది. గాలి నుంచి మాట ఆలోచన మీదికి ఎట్లా మళ్లిందో గుర్తులేదు. మళ్లింది. మనిషి తలలో పుట్టే ఆలోచన వస్తువా, కాదా? ఆయన ‘ఖయాల్’ అనేవాడు. ఖయాల్‌కు తూకం లేదు, అది పైవాడు ఊదిన గాలి, మనిషిలో ఉంటుంది కానీ మనిషి మాంసం కాదు అనేది ఆయన పక్షం. నాది పత్రికవాడి పక్షం. పేజీలో చోటు పట్టనిది మా లెక్కలో లేనట్టే. ఆలోచన మెదడులో పుడుతుంది, మెదడు మాంసమే, కాబట్టి ఆలోచన కూడా ఆ మాంసం చేసే పనే అనేవాణ్ణి.

“నిద్రగోలీ వేసుకుంటే ఆలోచన ఆగిపోతుంది. గోలీ వస్తువు. వస్తువు ఆపిందంటే అదీ వస్తువే కదా భాయ్” అన్నాను ఒకసారి.

“తలుపు పెడితే వెల్తురు ఆగుతది. అయితే వెల్తురు కట్టెతోని చేసిండ్రా?”

నేను డెస్కుకు వెళ్లిపోయాను. మళ్లీ అటు వెళ్లినప్పుడు, దుకాణం ముందు ఎండకు వెలిసిపోయిన పరుపు గుడ్డ చూపించి, వెలుతురు కూడా వస్తువే, లేకపోతే నీ గుడ్డ రంగు ఎవరు తిన్నారు అన్నాను. ఆయన గుడ్డ వైపు చూసి నవ్వాడు. “ఇది చెప్పనీకి ఇన్ని దినాలు పట్టిందా? మీ పేపర్ల రోజూ ఎవరినో ఒకర్ని ఏకిపారేసిండ్రని రాస్తరు. మీరు ఏకేదంతా గాలే. నేను ఏకేది దూది. నన్ను వస్తువంటె ఏందో అడుగు, చెప్త” అన్నాడు.

మా డెస్కులో ‘ఏకిపారేసిన ప్రతిపక్షం’ అన్న శీర్షిక నెలకొకసారైనా పడేది. ఆ తర్వాత ఆ మాట రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ మిషన్ చప్పుడు వినిపించేది.

నేను రిటైరయ్యాక కూడా వాదన ఆగలేదు. ఎవరూ గెలవలేదు. గెలవాలని ఇద్దరికీ పెద్దగా ఉన్నట్టు లేదు.

మొన్నటి ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. టేకులపల్లి అవతలి అడవి ఊళ్ల వాళ్లు ఎండలు ముదిరాక బూరుగు కాయలు ఏరి, దూది తీసి, సంచులకెత్తుకుని వస్తారు. దిండ్లకు అదే శ్రేష్ఠం, మెత్తగా ఉంటుంది, చెమట పట్టదు. అట్లా వచ్చిన సంచిని కాటా మీద పెట్టి, తూకపు రాయి అందుకోబోతే అది కుడిచేతిలోంచి జారిపడింది. వంగి తీయబోయాడు, తీయలేకపోయాడు. ఏదో చెప్పబోయాడు, మాట రాలేదు. సంచి తెచ్చినవాళ్లే ఆటో పిలిచి దవాఖానాకు తీసుకుపోయారు.

నేను వెళ్లేసరికి డాక్టరు కొడుకుతో మాట్లాడుతున్నాడు. కొడుకు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పని మీద కొత్తగూడెం, భద్రాచలం దాకా బండి మీద తిరుగుతుంటాడు. నన్ను చాచా అంటాడు. డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి, పెన్ను మూతతో ఒక నల్లటి మచ్చ చూపించాడు. ఎడమవైపు. మాటలు పుట్టే చోటుకు రక్తం అందలేదని చెప్పాడు.

“మాట ఒక్కటే పోయిందా సార్, ఆలోచన కూడా పోయిందా?” అని అడిగాను.

“మాట పోయింది. లోపల ఎంత మిగిలిందో మేమూ బయట నుంచే చూడాలి” అన్నాడాయన. నిజాయితీ గల జవాబు. నా ఉద్యోగంలో అలాంటి జవాబులు ఇచ్చినవాళ్లు తక్కువ.

మా వాదన ప్రకారం చూస్తే నేను గెలిచినట్టే. వేలెడంత మాంసం చెడితే మనిషికి మాట లేదు. తూకం వేయలేవు అన్న ఖయాల్ ఫిల్ము మీద మచ్చగా కనబడుతోంది. కానీ గెలిచాను అనుకుంటే, మంచం మీద ఉన్న మనిషిలో కొంత భాగం ఇక లేదని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేదు. మొదటిసారి ఆయన పక్షమే నిజమైతే బాగుండుననిపించింది.

కొన్నాళ్లకు ఇంటికి తెచ్చారు. కుడి కాలు, కుడి చెయ్యి లేవలేదు. మూతి వంకర కొద్దిగా సర్దుకుంది. ఒకనాడు ఆయన భార్య, నేను భాభీ అనే ఆమె, ఫోన్ చేసింది. “అన్నా, మాట వచ్చింది! ‘హౌ’ అన్నడు!”

వెళ్లాను. నన్ను చూడగానే “అవ్” అన్నాడు.

వాళ్ల ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. ఇంట్లో ఆయన ఔనంటే ‘హౌ’, దుకాణంలో ఔనంటే ‘అవ్’. రెంటికీ మధ్య తేడా ఊపిరంత. ఆయన నోట్లో మిగిలిన ఒకే ఒక్క చప్పుడు సరిగ్గా ఆ రెంటి నడుమ పడింది. భాభీకి అది హౌ, నాకు అవ్. ఎవరి భాషలో వాళ్లకు జవాబు దొరికింది. మా ఖమ్మంలో తప్ప ఇంకెక్కడా ఆ ఒక్క చప్పుడుకు అంత చెలామణీ ఉండేది కాదేమో.

పరామర్శకు వచ్చినవాళ్లంతా సంతోషంగా తిరిగి వెళ్లేవాళ్లు. ఏమడిగినా అవ్ అంటాడు మరి. పక్కింటాయన, మీ దుకాణం అరుగు మీద నా స్కూటర్ పెట్టుకోవచ్చా అంటే అవ్ అన్నాడు, స్కూటర్ వచ్చి చేరింది. కల్లూరు నుంచి ఒక రైతు, బిడ్డ పెళ్లికి చెప్పిన పరుపులు తయారైనయా అని అడిగితే అవ్ అన్నాడు. ఆయన తిన్నగా వెళ్లి తాళం వేసి ఉన్న దుకాణం ముందు మధ్యాహ్నం దాకా కూర్చుని మళ్లీ భాయ్ ఇంటికే వచ్చాడు. “అవ్ అంటివి గద భాయ్?” అంటే “అవ్” అన్నాడు. ఆ రైతు కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక భాభీ ఇచ్చిన చాయ్ తాగి వెళ్లాడు.

“కూరల ఉప్పు ఎక్కువైందా అంటే హౌ. తక్కువైందా అంటే హౌ. పెళ్లయిన కాడి నుంచి ఇంత మంచిగ ఎన్నడు లేడు ఈయన” అంది భాభీ. అని నవ్వి, లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

దుకాణం మూతబడి ఉంది. ఫోమ్ పరుపులమ్మే ఒకాయన ఆ దుకాణపు మడిగె తనకు ఇచ్చెయ్యమన్నాడు. మిషన్‌ను సత్తుపల్లి నుంచి ఇంకొకాయన అడిగాడు. కొడుకు ఆ సంగతి చెప్పి, శుక్రవారం నమాజ్ తర్వాత కాగితం రాసుకుంటున్నాం, మీరూ రావాలి అన్నాడు.

“నాయిన్ను అడిగినవా?”

“అడగకుండ ఎట్ల చేస్త చాచా? జమాత్ పెద్దమనుషులు ఇద్దర్ని కూసోపెట్టి అడిగిన. దుకాణ్ ఇచ్చేద్దామా అబ్బాజాన్ అంటే, హౌ అన్నడు. వాళ్లు గూడ విన్నరు.”

అతనిలో దురాశేమీ కనబడలేదు. దవాఖానా చుట్టూ, ఉద్యోగం చుట్టూ తిరిగి మనిషి సగమయ్యాడు. తండ్రి మాట తీసుకునే చేస్తున్నానని నిజంగా నమ్ముతున్నాడు. నేను కుదుటపడలేకపోయాను. ఆ దుకాణం భాయ్ తండ్రి వింటిబద్ద వేలాడిన చోటు. ఆయన నిజంగా ఇచ్చెయ్యమన్నాడా, లేక ఆ చప్పుడు తప్ప మరొకటి చేతకాక అన్నాడా? శుక్రవారం దాటితే తెలిసినా లాభం లేదు.

నేను కొత్తగా డెస్కులో చేరినప్పుడు ఒక సీనియర్ నా కాపీ మీద ఎర్ర ఇంకు పూశాడు. మంత్రి ‘అంగీకరించారు’ అని రాశాను. “ఆయన అన్నదేంటి?” అని అడిగాడు. తల ఊపారు అన్నాను. “అయితే తల ఊపారని రాయి. అంగీకరించడం లోపల జరిగేది, నీకు కనబడదు” అన్నాడు. కాదనడానికి వీలున్న మనిషి ఔనంటేనే అది ఔను అని కూడా అన్నాడు. ఆ వేళ అది అదనపు చాదస్తం అనుకున్నాను.

కొడుకు ముందే భాయ్ మంచం పక్కన కూర్చుని అడిగాను. “భాయ్, దుకాణం ఇచ్చేద్దామా?”

“అవ్.”

“ఇయ్యొద్దా?”

“అవ్.”

కొడుకు చిరాకు పడ్డాడు. “గట్ల ఉల్టా అడిగితే ఎవరైనా గట్లనే అంటరు చాచా. ఇయ్యొద్దా అంటే, అవ్, ఇయ్యొద్దు అన్నట్టు. ఇచ్చేద్దామా అంటే, అవ్, ఇచ్చేద్దాం అన్నట్టు.”

“మరి ఆయన అన్నది రెండిట్ల ఏది?”

“మొదట అడిగింది నేను. నాకు చెప్పింది అది.”

అతని తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మన భాషే అంత. వద్దన్నదాన్ని కూడా ఔననే ఒప్పుకుంటాం. నేను లేచాను.

అప్పుడే భాభీ నేల మీద పడిన దిండు తీస్తూ గొణిగింది. ఎవరో బంధువులు తెచ్చిన కొత్త దిండు, ఫైబరుది. “మళ్లా పడేసిండు. ఏందీయన! బాగుందా అంటే హౌ, హౌ అనుకుంటనే ఎడమచేత్తోని దొబ్బేస్తడు. పొద్దటి సంది ఇదే పని.”

“ఎప్పటి నుంచి పడేస్తున్నాడు?”

“తెచ్చిన కాడి నుంచి. దినాం.”

“పాత బూరుగు దిండు పెడితే?”

“అది ఉతకనీకి తీసిన. అది పడెయ్యడు.”

నోరు ఔనంటున్న అదే క్షణంలో చెయ్యి కాదంటోంది. ఇంట్లో అందరం నోటినే అడుగుతున్నాం.

భాభీకి విషయం నాకంటే వేగంగా తట్టింది. వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఒకటి చక్కెర వేసింది, ఇంకోటి షుగర్ వ్యాధికి డాక్టరు చెప్పినట్టు వెయ్యనిది. రెండూ ఒక్కొక్క గుటక తాగించి, స్టూలు మీద పక్కపక్కన పెట్టింది. ఎడమచెయ్యి తిన్నగా చక్కెర గ్లాసు మీదికి పోయింది. గ్లాసులు అటూ ఇటూ మార్చి ఇంకో గుటక తాగించింది. చెయ్యి మళ్లీ చక్కెర గ్లాసునే వెతుక్కుంది.

“బద్మాష్! లోపల అంతా ఉన్నడు” అంది భాభీ. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొడుకు నవ్వలేదు. స్టూలు వైపే చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు గురువారం. భాభీ నన్ను రమ్మంది. కొడుకు పనికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. ఆమె దుకాణం తాళంచెవి తెచ్చి భాయ్ ఎడమ అరచేతిలో పెట్టింది.

“దుకాణ్ ఇచ్చేద్దాం అంటున్నడు నీ కొడుకు. ఇచ్చేటట్టయితే చెవి వాని చేతిల పెట్టు. లేకుంటే నీ కాడ ఉంచుకో.”

కొడుకు చెయ్యి చాపాడు. భాయ్ తాళంచెవిని చూశాడు, కొడుకును చూశాడు. “హౌ” అన్నాడు, స్పష్టంగా. తర్వాత తాళంచెవిని దిండు కిందికి తోసి, దాని మీద తల పెట్టి పడుకున్నాడు.

“హౌ అన్నవ్ గద అబ్బాజాన్!”

“హౌ.”

కొడుకు మంచం పట్టె మీద కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం తుడుచుకుని, ఫోన్ తీసి ఫోమ్ పరుపులాయనకు కాగితం వద్దని చెప్పాడు. అవతలి గొంతు మాకందరికీ వినబడింది. “పెద్దాయన మాట మారుస్తడా?”

“మార్చనీకి మాట ఎక్కడుంది భాయ్?” అన్నాడు కొడుకు.

నేను ఆ కథ చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెంచాను కూడా. మిషన్ పోతే ఆయన ప్రాణమే పోయేది, ఆ చప్పుడులోనే బతికినవాడు అని చెప్పేవాణ్ణి. మాట లేకపోయినా ఆలోచన చెక్కుచెదరలేదు, కాబట్టి వాదనలో ఆయనే గెలిచాడు అనేవాణ్ణి. దవాఖానాలో డాక్టరుకూ చెప్పాను. ఆయన విని, “ఎడమ చెయ్యిని నడిపేది మెదడు కుడి సగమే కదండీ. అది బాగానే ఉంది” అన్నాడు. అంటే మళ్లీ నా పక్షం. ఆ సంగతి భాయ్‌కి చెప్పలేదు.

చలికాలం మొదలయ్యే వేళకు, మాట్లాడించే వ్యాయామాలు నేర్పే అమ్మాయి వారం వారం వచ్చి వెళుతుండగా, రెండో మాట వచ్చింది. ‘నై’. తెలుగులో అయితే కాదు, లేదు, వద్దు అని మూడు వేరువేరు మాటలు వెతుక్కోవాలి. ఉర్దూలో ఒక్కటి చాలు. ఆ సదుపాయం చూసే అది ముందు వచ్చిందేమో. స్కూటరు ఆయనే మొదటి బాధితుడు. ఇక్కడే ఉండనీయనా అని అడగ్గానే “నై” అన్నాడు. స్కూటర్ అరుగు దిగింది.

కొడుకు ఇప్పుడు మళ్లీ అడగాలనుకున్నాడు. అందరినీ పిలవలేదు. భాభీ ఉంది, నేనున్నాను.

“దుకాణ్ ఇచ్చేద్దామా?”

“నై.”

నేను భాభీ వైపు చూసి తల ఊపాను, నాకు ముందే తెలుసన్నట్టు.

“మిషన్ సత్తుపల్లి ఆయనకు ఇచ్చేద్దామా?”

“హౌ.”

సరిగ్గా వినలేదేమోనని కొడుకు మళ్లీ అడిగాడు. హౌ. నేనడిగాను, తెలుగులో. “మిషన్ ఉంచుకుందామా భాయ్?”

“నై.” నా వైపు కొంచెం విసుగ్గా చూశాడు. ఎడమచేత్తో ఛాతీ మీద తట్టి, ఖళ్ళున దగ్గి చూపించాడు. నిజం దగ్గు కాదు, దగ్గు అభినయం. ఏళ్ల తరబడి ఆ దుమ్ము మింగినవాడికి మిషన్ మీద అంత ప్రేమేమీ లేదు. ఆయనకు కావలసింది మడిగె, అరుగు, వచ్చేపోయే మనుషులు. మిషన్ చప్పుడులో ప్రాణం అన్నది నా ఆలోచన. ఆయన చెయ్యి మాట్లాడుతుందని కనిపెట్టాక, నేను కూడా ఆ చేతిలో నాకు నచ్చిన మాటే పెట్టాను. మిషన్‌ను అమ్మనీయక, దుమ్ము పట్టకుండా దుప్పటి కప్పించింది కూడా నేనే. “అన్నా, ఇన్ని దినాలు మిషన్ మీద దుప్పటి కప్పించినవ్ గద” అంది భాభీ.

మిషన్ లారీ ఎక్కింది. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని చూశాడు, మొహంలో ప్రత్యేకంగా ఏమీ కనబడలేదు. ఇప్పుడు దుకాణంలో దిండ్లే. బూరుగు దూదికి మిషన్ అక్కర్లేదు, గింజ తీసి చేత్తో విదిలించి నింపితే చాలు. భాభీ, కోడలు నింపుతారు. భాయ్ ఎడమచేత్తో దిండును నొక్కి చూసి హౌ అనో, నై అనో తేలుస్తాడు. నై అంటే కుట్టు విప్పి మళ్లీ నింపాలి. “ఈ మాట రాకున్నా బాగుండు” అని కోడలు నవ్వు ఆపుకుంటూ అంటుంది.

మొన్న వెళ్లినప్పుడు పాత వాదన తీశాను. డాక్టరు అన్నదంతా చెప్పాను, మచ్చ సంగతి, కుడి సగం సంగతి.

“అయితే నీ ఖయాల్ వస్తువే. ఒప్పుకుంటవా?”

“నై.”

“మరి గాలేనా?”

ఆయన ఆలోచించాడు. నుదురు ముడిపడింది, ఎడమచెయ్యి తొడమీద కదిలింది. ఏం కదిలిందో లోపల, నాకు బయటికి తెలిసింది ఆ చెయ్యి మాత్రమే.

“నై” అన్నాడు.

“రెండూ కాకపోతే ఏందో అడుగు అన్నా” అంది లోపలి నుంచి భాభీ.

అడగలేదు. దానికి ఆయన దగ్గర ఇంకా మాట లేదు, ఇన్నేళ్లు మాటలతో బతికిన నా దగ్గరా లేదు. భాభీ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుటక తాగి గ్లాసు ఎత్తి పట్టుకుని ఆమె వైపు చూశాడు.

“నై” అన్నాడు. చక్కెర లేదు.